ఫోన్లోంచి మన మాట

పరాయి దేశంలో సొంత కొట్టు నడుపుకోవడానికి మా ఆయనకిచ్చిన వీసా గడువు అయిపోవస్తోంది. మళ్ళీ ఇస్తేనే ఇక్కడ ఉంటాం. నా వీసా, పాప వీసా ఆయనదాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. టైలరు కొట్టు నిజంగా నడుస్తోందా, లేక వీసా కోసం తగిలించిన ఉత్త బోర్డా అని చూసి పోవడానికి మనిషిని పంపుతామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆ కబురు విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, మాత్రం నడుం బిగించి కొట్టు కడగడానికి దిగింది. ఆఖరి అద్దం తుడుస్తుండగా తలుపు మీది గంట మోగింది. పోయినవారం కథ ఆగింది ఆ గంట దగ్గరే.

వచ్చింది ఆడమనిషి.

నేను ఇంకోలా ఊహించుకున్నాను. లావుపాటి పెద్దాయన, చంకలో ఫైళ్ళు, వెనకాల తలుపు పట్టుకోవడానికి ఒక మనిషి. ఈమెకి నాకన్నా కాస్త వయసు ఎక్కువుంటుందేమో, అంతే. కోటు వెనకవైపు అంచు దగ్గర లైనింగ్ ఊడి నాలుకలా బయటికి వేలాడుతోంది. కుట్టుపని వాళ్ళకదొక రోగం, మొహం కన్నా ముందు కుట్టు కనిపిస్తుంది. సూది తీసుకుని వెనకాలే వెళ్ళి అతికించేద్దామా అన్నంత దురద పుట్టింది చేతికి.

ఆమె గుమ్మంలోనే నిలబడి కొట్టంతా చూసింది. చూసి, మళ్ళీ చూసింది.

కొట్టు అద్దంలా ఉంది. మా వదిన హోటల్లో గదులు సర్దుతుంది. దుప్పటి మీద ముడత కనపడితే ఆవిడకి ప్రాణం పోయినట్టుంటుంది. మిషన్ల మీది నూనె మరకలు, నేల పగుళ్ళలో ఇరుక్కున్న దారప్పోగులు, ఇస్త్రీ బల్ల కాళ్ళకి అంటిన దూది, అన్నీ పోయాయి. సుద్దముక్కల్ని కూడా పొడుగు ప్రకారం వరసగా పేర్చింది. తెర వెనక మేముండే గదిలోంచి పాప బొమ్మలు, ఆరేసిన గౌన్లు మాయం చేసింది. ఇక కుట్టాల్సిన బట్టలంటారా, పిన్నులు గుచ్చిన ప్యాంట్లు, పక్కలు విప్పిన కోట్లు, జిప్పులు పీకిన స్కర్టులు ఇంత గుట్ట ఉండేవి. అవి ఉంటే చిందరవందరగా కనపడుతుందని మూటలు కట్టి, రెండు సందుల అవతలున్న తన గదికి చేరవేసింది. ఆఫీసరు ఉండగా ఎవరూ వచ్చి అడ్డం పడకూడదని తలుపుకి 'ఈ రోజు సెలవు' అని అట్ట ముక్క కూడా తగిలించింది.

నాకూ అది సబబుగానే తోచింది. పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే తుక్కు దాచెయ్యడం మాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. చిన్నప్పుడు మా బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున చిరుగుల బట్టల పిల్లల్ని రావద్దనేవాళ్ళు. అలా ఇంట్లో ఉండిపోయిన పిల్లల్లో నేనొకదాన్ని.

ఆఫీసరమ్మ ఏదో అడిగింది. మా ఆయన నవ్వుతూ, చేతులు తిప్పుతూ ఏదో చెప్పారు.

ఈ దేశం భాషలో నాకొచ్చినవి కొట్టు మాటలే. పొడుగు, పొట్టి, జిప్పు, రేపు రండి, క్షమించండి. మిగతా దేశమంతా మా ఆయన నోటి మీదుగానే నా దగ్గరికి రావాలి. ఆసుపత్రిలో నర్సు చెప్పినా, ఇల్లుగలాయన అరిచినా ముందు ఆయన వింటారు, తర్వాత నాకు చెబుతారు. వాళ్ళు ఊపిరి తీసుకోకుండా మాట్లాడిందంతా నా దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కవుతుంది. "ఏమంది?" అంటే "బాగుందంది." "అంతసేపు మాట్లాడి బాగుంది అన్న ఒక్క మాటేనా? మధ్యలో మీరేమైనా కమీషన్ కొట్టేస్తున్నారా?" అని వేళాకోళమాడేదాన్ని. ఆయన పడీ పడీ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఆఫీసరమ్మ సంచిలోంచి ఫోను తీసి కౌంటరు మీద పెట్టి ఏదో నొక్కింది. మా ఆయన మొహంలో నవ్వు పోయింది. నేనున్నాను కదా, ఇదెందుకన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుని చూపించారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఫోను మోగింది. అవతల ఎవరో ఎత్తారు.

"నమస్కారమండీ. నేను దుభాషిని. ఈ గదిలో ఎవరు ఏ మాటన్నా రెండో భాషలోకి మార్చి చెప్పడం నా పని. ఏదీ కలపను, ఏదీ వదలను. సలహాలు చెప్పకూడదు. నా మాట అందరికీ వినపడుతోందాండీ?"

మన మాట! కౌంటరు మీంచి, బల్లపరుపు ఫోన్లోంచి, ముక్కూ మొహం తెలియని మనిషి నోట మన మాట. రేడియోలో ధరలు చదివేవాళ్ళకుండే పొడిపొడి గొంతు. అయినా సరే నా కళ్ళు చెమర్చాయి.

వదిన గబుక్కున ముందుకొచ్చింది. "ఏ ఊరు బాబూ మనది?"

గొంతు ఒక్క క్షణం ఆగి, ఆ ప్రశ్నని ఆఫీసరమ్మకి వాళ్ళ భాషలో చెప్పింది. ఆమె నవ్వి ఏదో అంది.

"దుభాషి తన సొంత వివరాలు చెప్పకూడదని ఆఫీసరుగారు అంటున్నారండీ."

"ఊరు పేరు చెప్తే ఊరేమైనా అరిగిపోతుందా? ఇదేం ఉద్యోగంరా నాయనా!"

అదీ వాళ్ళ భాషలోకి వెళ్ళింది. ఆఫీసరమ్మ ఈసారి గట్టిగా నవ్వింది. కౌంటరు కింద టేపుతో ఆడుకుంటున్న పాప తల బయటికి పెట్టి, "ఫోన్లో తాతున్నాడా?" అంది. మా పాపని అందరం గుండీ అంటాం, పుట్టినప్పుడు గుండ్రంగా అంతే ఉండేది. గుండీ మాట కూడా వదలకుండా వెళ్ళింది. అందరం నవ్వాం, మా ఆయన తప్ప. ఆయన మెడ దగ్గర చెమట పట్టింది. కొట్టు గురించి భయపడుతున్నారనుకున్నాను.

"ఇవాళ కొట్టు ఎందుకు మూశారని అడుగుతున్నారు" అంది గొంతు.

"మీరొస్తున్నారనండీ" అన్నారు మా ఆయన.

"కుట్టాల్సిన బట్టలు ఒక్కటీ కనపడటం లేదు. ఈ మిషన్లు ఈ మధ్య వాడినట్టు లేవు. నేల మీద దారప్పోగు లేదు. ఇక్కడ పని జరుగుతోందని ఎలా నమ్మమంటారు?"

ఎంత తెలివితక్కువవాళ్ళం! పని చేసే కొట్టా అని చూడ్డానికొస్తున్న మనిషికి పని ఆనవాళ్ళు లేకుండా ఊడ్చి పెట్టాం.

వదిన నా చెవి దగ్గర నోరు పెట్టింది. "బట్టలు నా మంచం కింద కుక్కామని చెప్పకు అమ్మాయ్. ఛీ, మురికి మనుషులనుకుంటుంది."

గుసగుసే కానీ వదిన గుసగుస వీధి చివరిదాకా వెళ్తుంది. గొంతు చక్కగా తర్జుమా చేసేసింది.

ఆఫీసరమ్మ కనుబొమలు పైకి లేచాయి. "మంచం కిందా?"

వదిన రెండు చేతులతో నోరు మూసుకుంది. మూసుకునే, వేళ్ళ సందులోంచి, "ఓరి నీ ఇల్లు బంగారం కానూ, చెవిలో చెప్పింది కూడా మొయ్యాలా!" అంది. అదీ వెళ్ళింది.

ఇక దాచడానికేముంది! మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. ఆఫీసరమ్మ ఆ బట్టలు తెప్పించమంది. వదిన పరుగులాంటి నడకతో వెళ్ళి, హోటలు దుప్పట్లు తోసే చక్రాల బండి మీద మూటలన్నీ వేసుకుని రొప్పుతూ వచ్చింది. మూటలు విప్పితే కొట్టు మళ్ళీ కొట్టయింది. పిన్నులు గుచ్చిన ప్యాంట్ల మడతలు, మా ఆయన సుద్దగీతలు, గుండీల కోసం నేను సగం కాజాలు తీసి ఆపిన చొక్కా. ఆఫీసరమ్మ ఒక్కో దానికి కట్టిన చీటీ చూసింది. చొక్కా కాజా మీద వేలు పెట్టి రాసి చూసింది. అది నేను చేత్తో తీసిన కాజా, మిషనుది కాదు. ఆమె నావైపు చూసింది. నేను తల దించుకున్నాను, సిగ్గుతోనో గర్వంతోనో.

"కొట్టు నడుస్తోంది. అందులో నాకు అనుమానం లేదు" అంది గొంతు ఆమె బదులు.

నేను మా ఆయన వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదులుతామనుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న సుద్దముక్కని గోటితో గీకుతున్నారు.

"ఇంకొక్క విషయం ఖాయం చేసుకోవాలి" అంది గొంతు. "కొత్త వీసా వచ్చాక మీ భార్య, కూతురు మీ దేశం తిరిగి వెళ్ళిపోతారని, ఇక్కడ మీరొక్కరే ఉంటారని అర్జీలో రాశారు. ఆ ఏర్పాటు అలాగే ఉందా?"

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. పాపం, ఫోన్లో ఆయనెవరో పొరపాటు పడ్డారు, వేరేవాళ్ళ సంగతి మాకు చదివారు అనుకున్నాను.

"బాబాయిగారూ, మీరేదో తప్పు విన్నట్టున్నారు. ఇంకోసారి అడగండి."

ఆయన అడిగారు. ఆఫీసరమ్మ తన దగ్గరున్న కాగితం చూసి మళ్ళీ చదివింది. గొంతు మళ్ళీ అదే చెప్పింది. ఒక్క మాట తేడా లేదు. భార్య, కూతురు, తిరిగి, వెళ్ళిపోతారు.

అప్పుడు మా ఆయన వైపు చూశాను. వేళాకోళాలకి పడీ పడీ నవ్వే మనిషి. ఇంత పెద్ద పొరపాటు వింటే అందరికన్నా ముందు ఆయనే "ఛ ఛ, కాదండీ!" అనాలి కదా. అనలేదు. సుద్ద పొడి ఆయన వేళ్ళ మీద తెల్లగా పేరుకుంటోంది.

"ఏవండీ."

"తర్వాత చెప్తాను."

గొంతు ఆ మాటని వాళ్ళ భాషలో చెప్పింది.

"బాబూ, ఒక్క నిమిషం ఆపండి. మేం మేం మాట్లాడుకుంటున్నాం" అన్నారు మా ఆయన ఫోనుతో.

"ఆపడానికి వీల్లేదండీ. గదిలో అన్న ప్రతి మాటా చెప్పాలి."

ఏ మొగుడూ పెళ్ళాలూ అలా పోట్లాడుకుని ఉండరు. మామూలుగా అయితే ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. సగం వినం, సగం వదిలేస్తాం, తర్వాత మర్చిపోతాం. ఇక్కడ అలా కుదరలేదు. నేనొక మాట అనడం, అది వాళ్ళ భాషలోకి పోయేదాకా ఆగడం, అప్పుడు ఆయన ఒక మాట అనడం, మళ్ళీ ఆగడం. ఆగిన ప్రతిసారీ ఆయన మొహం చూడాల్సి వచ్చింది.

"ఎప్పుడు రాశారు?"

"వీసా అర్జీలు నింపిపెట్టే కాగితాలాయన రాయించాడు. ముగ్గురు బతకడానికి కొట్టు రాబడి చాలదని ఆఫీసులో తోసిపుచ్చుతారంట. ఒక్కడినైతే ఇస్తారంట. ముగ్గురమైతే ముగ్గురికీ పోతుందన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలిసే చేశారన్నమాట."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఉత్త కాగితం మీదే కదా అనుకున్నాను. వీసా వచ్చాక ఎవరొచ్చి చూస్తారులే, అప్పటికేదో ఒకటి చేద్దాంలే అనుకున్నాను."

అనేశాక గానీ ఆయనకి ఫోను గుర్తు రాలేదు. గభాలున దాని మీద చెయ్యి వెయ్యబోయారు. అప్పటికే గొంతు మొదలుపెట్టేసింది. ఆఫీసరమ్మ రాస్తున్న కలం ఆగింది. ఆమె మొహంలో ఇందాకటి నవ్వు ఒక్క గీత కూడా మిగల్లేదు.

"అంటే అర్జీలో రాసింది నిజం కాదా? సరిగ్గా ఆలోచించుకుని చెప్పమంటున్నారు. మీ భార్యా కూతురూ వెళ్తారా, వెళ్ళరా?"

ఇస్త్రీ పెట్టె ఊరికే ఆవిరి వదులుతోంది.

మా ఆయన ఫోను వంకే చూస్తూ అన్నారు. "నిజమే రాశాను. వెళ్తారు."

ఆ మాట వాళ్ళ భాషలో చాలా చిన్నగా ఉంది. రెండే రెండు పలుకులు.

నాకు అప్పుడు గుండీ కోటు గుర్తొచ్చింది. మొన్న, చలికాలం వస్తోందని, దాని చేతులు మణికట్టు పైకి వచ్చేశాయి, కొత్తది కుట్టండి అన్నాను. గుండీకి ఏదన్నా కుట్టమంటే చేతిలో పని పక్కన పడేసి గుడ్డ తీసే మనిషి. "ఇప్పుడెందుకులే" అన్నారు. పని ఎక్కువై అలిసిపోయారనుకున్నాను. ఆ రాబోయే చలికి పాప ఇక్కడ ఉండదని ఆయన లోపల ఎక్కడో అప్పటికే ఖాయం చేసుకున్నారు. ఉత్త కాగితం మీది మాటైతే కోటు కుట్టేవారు కదా!

వెనక్కి తిరిగితే వదిన. ధూళి కణం కూడా లేని కౌంటరుని చీరకొంగుతో తుడుస్తోంది.

"వదినా, మీకు తెలుసా?"

"నేనేం చెప్పనే అమ్మాయ్. వాడు నా దగ్గరికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

గొంతు అది చెప్పింది. చిన్నపిల్లాడిలా అన్న మాట దగ్గర కాస్త నెమ్మదించింది, అంతే.

"నా దగ్గర ఏడవాల్సింది" అన్నాను. "ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. ఇద్దరం ఏడ్చి ఏదో ఒకటి అనుకునేవాళ్ళం. ఈ దేశంలో నాకు ఎవరున్నారండీ, మీరు చెప్పేది వినడం తప్ప? మీరు బాగుందంటే బాగుందనుకున్నాను. పర్లేదంటే పర్లేదనుకున్నాను. వాళ్ళేమన్నారో మీరు చెప్తేనే కదా నాకు తెలిసేది! ఇవాళ ఈయనెవరో చెప్తే విన్నాను, నేను ఊరెళ్ళిపోతున్నానని."

చాలా పెద్ద మాట. గొంతు దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుని చెబుతోంది. ఎక్కడా వదల్లేదు. పరాయి భాషలో నా ఏడుపు ఎంత మర్యాదగా వినిపించిందో!

గుండీ కౌంటరు కిందనుంచి పాక్కుంటూ వచ్చి నా కాళ్ళు చుట్టేసింది. మొహం పైకెత్తి, "అమ్మా, మనం ఊరెళ్తున్నామా?" అంది. వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "నాన్న కూడానా?"

మా ఆయన గోడవైపు తిరిగిపోయారు.

ఫోన్లోంచి ఆ రెండు ప్రశ్నలూ వరసగా ఆఫీసరమ్మకి చేరాయి. ఆమె కలం మూత పెట్టేసింది. తీసింది. మళ్ళీ పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా ఏదో చెప్పింది.

"ఆఫీసరుగారు ఈ అమ్మగారితో విడిగా మాట్లాడాలంటున్నారు. మిగతావాళ్ళు పాపని తీసుకుని కాసేపు బయట ఉండాలి."

వదిన వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండానే తీసేసింది. మా ఆయన పాపని ఎత్తుకున్నారు. గుమ్మం దగ్గర ఒక్కసారి తిరిగి చూశారు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మనిషి చూపు నాకు కంఠతా వచ్చు. కోపం, ఆకలి, అలసట అన్నీ తెలుసు. ఆ చూపు మాత్రం తెలియలేదు. తలుపు మూసుకుంది.

ముగ్గురం మిగిలాం. ఆమె, నేను, ఫోను.

"మీరు మీ ఇష్టంతోనే వెళ్తున్నారా? ఈ ఏర్పాటుకి ఒప్పుకున్నారా? మీ నోటితో చెప్పాలి."

"ఒప్పుకోకపోతే ఏమవుతుందండీ?"

ఆఫీసరమ్మ చాలాసేపు చెప్పింది. నేను అలవాటు కొద్దీ ఒక్క ముక్క వస్తుందని చూశాను. గొంతు మొత్తం చెప్పింది. ఒప్పుకోకపోతే అర్జీలో అబద్ధం రాసినట్టు నమోదు చేయాల్సి వస్తుంది. కొత్త వీసా రాదు. కొట్టు మూసి ముగ్గురూ వెళ్ళిపోవాలి. ఒప్పుకుంటే అర్జీ ముందుకి వెళ్తుంది, ఆయన ఉంటారు. నన్నూ పాపనీ ఆయన మళ్ళీ పిలిపించుకోవచ్చు, కానీ కొట్టు పెరిగాక. అదెప్పటికన్నది ఎవరూ చెప్పలేరు.

ముగ్గురం వెళ్ళిపోతే ఎక్కడికెళ్తాం? ఇక్కడికి రావడానికి మా మామగారి కొట్టు వదిలేసుకున్నాం. ఇప్పుడందులో ఎవరో ఫోన్లు అమ్ముకుంటున్నారు. మా ఆయన మళ్ళీ ఇంకొకరి మిషను ముందు కూలికి కూర్చోవాలి. కత్తెర పట్టుకుని గుడ్డ ముందు నిలబడ్డప్పుడు ఆయన వెన్ను ఎంత నిటారుగా ఉంటుందో నాకు తెలుసు. సొంత కొట్లో నిలబడ్డ వెన్ను అది. దాన్ని నేను వంచాలా?

నేనూ పాపా వెళ్తే మా అన్నయ్య ఇల్లుంది. ఒక గదిస్తారు, కాదనరు. కానీ గుండీ నిద్రపోదు. పుట్టిన దగ్గర్నుంచి వాళ్ళ నాన్న మిషను చప్పుడు వింటూ నిద్రపోవడం అలవాటు దానికి. ఆయన మిషను ఆపితే లేచి కూర్చుని "నాన్నా, తొక్కు" అంటుంది. అక్కడ ఎవరిని తొక్కమంటుంది? ఇక్కడ ఆయన ఎవరికోసం తొక్కుతారు? పని అయ్యాక కూడా పాప పడుకోవాలని ఉత్త మిషను నడిపే మనిషి, ఎవరూ లేని గదిలో ఏం చేస్తారు?

పైగా కోపం. దాన్నెక్కడ పెట్టుకోను? ఒప్పుకుంటే నా కోపాన్ని నేనే మింగి, ఆయన అబద్ధాన్ని నా నోటితో నిజం చెయ్యాలి. ఒప్పుకోకపోతే ఆయన్ని పట్టివ్వాలి. మనిషిని ఇంత ఇరుకులో నిలబెట్టి, ఇష్టమేనా అని అడుగుతున్నారు.

"బాబాయిగారూ" అన్నాను. "మీరైతే ఏం చెప్తారు?"

గొంతు ముందు ఆ ప్రశ్నని ఆఫీసరమ్మకి అప్పజెప్పింది. ఆమె నా కళ్ళలోకి చూసి మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"నేను జవాబు చెప్పకూడదు తల్లీ."

ఆ వెంటనే అదీ వాళ్ళ భాషలో చెప్పారు. తన మాట తనే మోసుకున్నారు, పాపం.

అద్దంలోంచి బయటికి చూశాను. వదిన అరుగు మీద కూలబడి ఉంది. మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజం మీంచి గుండీ నావైపు చూస్తూ అద్దానికి ముక్కు ఆనించి నొక్కుతోంది. ముక్కు చప్పిడైపోయి, అది చూసి నేను నవ్వుతానేమోనని ఆగి చూస్తోంది.

నాకు ఓపిక అయిపోయింది. అయినవాళ్ళ కోసం మాట మింగడం నాకు కొత్తేం కాదు. ఇదొకటి.

"రాసుకోమనండి" అన్నాను. "నేను ఒప్పుకునే వెళ్తున్నాను."

అని, ఆగాను. ఇందాకట్నుంచీ నేనొక మాట అనగానే రెండో భాషలో దాని నీడ పడుతూనే ఉంది. ఇప్పుడు పడలేదు. ఆఫీసరమ్మ ఫోను వంక చూసింది. ఫోను ఊరుకుంది. దూరంగా, ఆయన ఉన్నచోట, ఎవరో పిల్లలు బిగ్గరగా పాఠం చదువుకుంటున్నారు. ఒక్కో పదం స్పష్టంగా వినిపిస్తోంది నాకు.

"మన్నించాలి" అంది గొంతు. "లైను సరిగ్గా లేదు. చివరి మాట నాకు వినపడలేదు. ఇంకొక్కసారి చెప్పండి."

అదే మాట ఆఫీసరమ్మకీ చెప్పారు.

లైనుకేమైంది? వదిన గుసగుసనే మోసిన లైను. పాప కౌంటరు కిందనుంచి అన్న మాట కూడా పట్టుకున్న చెవులు. ఆయన విన్నారు. విన్నారని నాకు తెలుసు, నాకు తెలిసిందని ఆయనకీ తెలుసు. చెప్పకూడని మనిషి చెయ్యగలిగింది ఇంతే. ఇంకొక్కసారి.

ఆఫీసరమ్మ కలం పైకెత్తి పట్టుకుని చూస్తోంది. నా చేతులు చొక్కా మీద, నేను ఆపేసిన కాజా పక్కన ఆనించుకున్నాను.

"ఆయన్ని లోపలికి పిలవమనండి" అన్నాను. "ఇప్పుడు చెప్పే మాట ఆయన ఎదురుగానే చెప్తాను. మీరు మళ్ళీ వినపడలేదనకండి బాబాయిగారూ. ఒక్క ముక్క కూడా వదలకండి."

ఈసారి గొంతు క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు.

ఆఫీసరమ్మ లేచి తలుపు తీసింది. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయి నా మొహం చూశారు. ఏం కనిపించిందో, పాపని వదినకి అందించి, ఒక్కరే లోపలికొచ్చి, తలుపు తనే వేశారు.

"చెప్పండి" అంది ఫోను.